నాయన జేబులో పలుగురాయి

మా నాయన విజిట్ వీసా మీద దుబాయ్‌లో దిగిన రోజు కస్టమ్స్ అతను సంచీ అంతా వెతికాడు. వేరుశనగ ఉండల పొట్లం, రెండు పంచెలు, లేఖనాల పుస్తకం. అన్నిటికంటే అడుగున చేతిరుమాల్లో మూట కట్టిన రాయి. కోడిగుడ్డంత తెల్లని పలుగురాయి. అతను దాన్ని లైటు కింద తిప్పి చూశాడు, నాయనను చూశాడు, మళ్ళీ రాయిని చూశాడు. చివరికి నవ్వుకుంటూ సంచీలో పడేశాడు. గాజు తలుపు అవతల నిలబడి చూస్తున్న నాకు అప్పుడే నవ్వు మొదలైంది. నాయన ఉన్న నెల రోజులూ అది పూర్తిగా ఆగలేదు.

"ఇంత దూరం రాయి మోసుకొచ్చినావా నాయనా?" అన్నాను టాక్సీలో.

"దీంట్లో బంగారు ఉండాదో లేదో తేల్చే మొనగాళ్ళు ఈ ఊర్లో ఉంటారంట గదా పాపా."

అదీ ఆయన దుబాయ్ వచ్చిన పని. కూతుర్ని చూడటం రెండోది.

ఈ రాయి కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. తెల్లదొరల కాలంలో మా జిల్లాలో బంగారు గనులు ఉండేవి. గనులంటే గొప్పగా ఊహించుకోవద్దు. ఏ గుట్టలోనో పలుగురాతి చార కనబడితే చాలు, దొరలు వచ్చి డేరా వేసేవారు, బోర్డు పెట్టేవారు, ఎడ్లబండ్ల మీద ఇంజను తెచ్చేవారు. రాయి మంచిగా పడితే ఇంకో దొర పక్కగుట్ట తవ్వేవాడు. రెండు మూడేళ్ళకు నీళ్ళు ఊరేవి, లేదా చార సన్నబడేది. డేరా ఎత్తేసేవారు. ఇంజను అక్కడే తుప్పు పట్టేది. మా గుట్ట మాత్రం చాలాకాలం నిలిచింది. రాతిని మిల్లులో పిండిగా దంచి, పాదరసం పూసిన రాగి రేకుల మీద పారిస్తే బంగారం అంటుకునేది. దానితోపాటు కాస్త వెండి కూడా వచ్చేదట. ముద్ద చేసి, పెట్టెలో పెట్టి, సీలు వేసి పంపేవారు. లోపల రాయి కొట్టినవాళ్ళు ఆ ముద్దను చూసిందే లేదు.

చూడలేదు సరే, తీసుకుపోతారేమోనని అనుమానం. గని బావిలోంచి పైకి వచ్చిన ప్రతి మనిషీ గేటు దగ్గర చెప్పులు విప్పాలి, చేతులు పైకెత్తాలి, నోరు తెరిచి నాలుక పైకి మడవాలి, ఒక చుట్టు తిరగాలి. అప్పుడు కావలివాడు "పో" అనాలి. అనందే అడుగు వేయకూడదు. నాయన ఇరవై రెండేళ్ళు రోజూ ఇలా తిరిగాడు. ఒక్కరోజూ ఆయన దగ్గర ఏమీ దొరకలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది.

చివరికి గనిలో సరుకు అయిపోయిందన్నారు దొరలు. ఆఖరి పేలుడు పెట్టింది నాయనే. రాయి పైకి వచ్చింది, దొర ఒక ముక్క పగలగొట్టి చూశాడు, వట్టి రాయి అన్నాడు, కుప్పలో పోయించాడు. నాయన మాత్రం దీపం వెలుతురులో పసుపు మెరుపు చూశానన్నాడు. ఎవరూ నమ్మలేదు. దొరలు వెళ్ళిపోయి, గేటు కూడా ఊడిపోయాక ఆ కుప్పలోంచి ఒక రాయి ఏరుకొచ్చాడు. అప్పటి నుంచి తోటివాళ్ళు ఆయన్ని పలుగురాయి మామ అనేవారు. "మామా, ఈరోజు ఎన్ని తులాలు పెరిగింది?" అని ప్రార్థన గుడి మెట్ల దగ్గర కూడా ఆటపట్టించేవారు. భూమి కడుపులో దాగినదాన్ని వెలుగులోకి తెచ్చే మనుషుల గురించి లేఖనంలో ఒక అధ్యాయం ఉంది. నాయనకు అది కంఠతా వచ్చు. అది తన గురించే రాశారని ఆయన గట్టి నమ్మకం.

ఇన్నేళ్ళలో మా ఊళ్ళో కంసాలికి చూపించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను.

"వాడు లేదంటే ఊరంతా చెప్తాడు పాపా. ఈడ లేదంటే నాకూ నీకే తెలుస్తాది."

అప్పటిదాకా నవ్వుతున్నదాన్ని, రాయిని తీసి మళ్ళీ చేతిరుమాల్లో మూట కట్టాను.

ఇక నా చిక్కు. మా క్రైస్తవ సహవాసంలో బంగారం పెట్టుకోం. బాప్తిస్మం నాడు నా కమ్మలు తీసి అమ్మ చేతిలో పెట్టాను. చెవులకు రంధ్రాలు మిగిలాయి, అంతే. కరామాలో మా ఫ్లాట్‌లో పక్కగదిలో ఉండే నర్సు అక్కది కోస్తా వైపు, ఆమెదీ అదే సహవాసం. ఇద్దరిదీ హాస్పిటల్‌లోనే పని. దేరా బంగారు బజారులో అడుగు పెట్టలేదని మాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇప్పుడు తెల్లచీరల్లో బోసి చేతులతో ఇద్దరు విశ్వాసులు బంగారు బజారుకు వెళితే, ఎవరైనా చూస్తే?

"చూస్తే చూడనివ్వండి. బాబాయిగారు ముప్పై ఏళ్ళు ఆగారు. మనం ఒక్క సాయంత్రం సిగ్గుపడలేమా ఏంటి?" అంది అక్క.

శుక్రవారం పొద్దున సత్వాలో ఆరాధన అయింది. సాయంత్రం బజారు తెరిచే వేళకు అవతలి ఒడ్డుకు పోయే అబ్రా పడవ ఎక్కాం. పాదిరి కంటబడకుండా వెళ్ళాలని మేం ఇద్దరం కొంగులు ముందుకు లాక్కున్నాం. నాయన మాత్రం పడవ అంచున కూర్చుని, కాళ్ళు ఊపుతూ, ఎదురొచ్చే ప్రతి పడవకూ చెయ్యి ఊపాడు. అందరూ తిరిగి ఊపారు. మధ్యలో నేను కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఉంటే మంచిది, లేకపోతే ఆయన మనసుకు బలమియ్యి అన్నాను. కళ్ళు తెరిచేసరికి నాయన నీళ్ళలో చెయ్యి ముంచి నా ముఖం మీద చిలకరించాడు.

బజారులో నడవడం చాలా కష్టమైంది. గొలుసులు తోరణాల్లా వేలాడుతున్నాయి, వడ్డాణాలు, గాజులు వరసలు వరసలు. నాయన ప్రతి అద్దం ముందూ ఆగి, "అబ్బా! ఎంత రాయి దంచినారో!" అనేవాడు. జనం నగలు చూస్తున్నారు. ఆయన దంచిన రాయిని లెక్కేస్తున్నాడు. అక్కా నేనూ ఒకరి భుజం మీద ఒకరం వాలి నవ్వుతున్నాం.

ఒక చిన్న దుకాణంలో తెలుగు మాట వినబడింది. గల్లా వెనక హైదరాబాదు పెద్దమనిషి, తెల్లగడ్డం. లోపలికి వెళ్ళాం. ఆయన మా బోసి మెడలు, చేతులు, నా చెవుల రంధ్రాలు చూసి సంబరపడ్డాడు.

"ఆవో అమ్మా, కూర్చోండ్రి. మొత్తం సెట్టు కావాల్నా?"

"మేం కొనం" అన్నాను.

"అమ్ముతరా?"

"అమ్మడానికీ లేదు."

"మరి ఎందుకొచ్చిండ్రు?"

నాయన చేతిరుమాలు విప్పి రాయి గల్లా మీద పెట్టాడు. సంగతంతా చెప్పాడు. దొర, గేటు దగ్గర సోదా, కావలివాడి "పో", దీపం, పసుపు మెరుపు, కుప్ప. పెద్దమనిషి ఊకొడుతూ విన్నాడు. తర్వాత కంటికి భూతద్దం పెట్టుకుని రాయిని మెల్లగా తిప్పాడు. ఒకచోట ఆగాడు.

"మెరుస్తుంది చాచా. కానీ కాకిబంగారం గూడ గిట్లనే మెరుస్తది."

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అట్లయితే సూదితో పొడిచి సూడప్పా. కాకిబంగారమైతే పొడి రాల్తాది. బంగారైతే సొట్ట పడ్తాది," అన్నాడు నాయన.

పెద్దమనిషి ఆయన వైపు కొత్తగా చూశాడు. సూది తీశాడు. పొడిచాడు. మళ్ళీ అద్దంలోంచి చూశాడు. నల్లని గీటురాయి తీసుకుని, పలుగురాయిలో ఆ చోటును దాని మీద గట్టిగా రుద్దాడు. వెంట్రుకంత గీత పడింది. దాని మీద సీసాలోంచి ఒక చుక్క ఆమ్లం వేశాడు, బంగారం కాకపోతే గీత కరిగిపోతుందన్నాడు. నేను ఆపరేషన్ థియేటర్లలో ఎన్నో నిమిషాలు నిలబడ్డాను. అంత పొడుగు నిమిషం ఎప్పుడూ చూడలేదు.

గీత పోలేదు. పసుపుగానే ఉంది.

"ఉంది చాచా," అన్నాడు పెద్దమనిషి. "ఎక్కువ లేదు. చిటికెడు గూడ రాదు. కానీ ఉంది."

నాయన కుర్చీ కోసం చేత్తో తడిమి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "స్తోత్రం!" అని అరిచాడు. అక్క "స్తోత్రం!" అంది. దుకాణం బయట పోతున్నవాళ్ళు ఆగి చూశారు. పెద్దమనిషి "అల్‌హమ్దులిల్లా" అని, ఆ ఊపులో లోపలి నుంచి పది తులాల బంగారు బిస్కెట్టు తెచ్చి నాయన అరచేతిలో పెట్టాడు.

"ఇన్నేండ్లు రాయి పట్టుకున్నవ్. ఇగో, ఇది గూడ పట్టుకో."

చెయ్యి బరువుకు కొంచెం కిందికి వాలింది. నాయన దాన్ని చెంపకు ఆనించుకున్నాడు, వాసన చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సల్లగుండాది పాపా. లోపల ఎంత ఉడుకో గదా మాకు," అన్నాడు. తర్వాత రెండు చేతులతో భద్రంగా గల్లా మీద పెట్టి, రాయి జేబులో వేసుకుని, దండం పెట్టి బయలుదేరాడు.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చెప్పులు విప్పాడు. చేతులు పైకెత్తాడు. నోరు తెరిచి, నాలుక పైకి మడిచి, మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. తిరిగి అలాగే నిలబడ్డాడు.

దుకాణంలో అందరం కొయ్యబారిపోయాం. నేనే ముందు కిసుక్కుమన్నాను. "నాయనా, ఇది గని కాదు, బజారు!" అన్నాను.

ఆయనకు అప్పుడు తెలిసింది. కానీ చేతులు దించలేదు.

"అయినా సూడకుండా ఎట్ల పంపిస్తావప్పా? అంత బంగారు పట్టుకున్న చేతులు ఇవి. రేపు ఏదన్నా తక్కువైతే నా పేరు పోదా?"

"ఖలాస్ చాచా, చేతులు దించు. నువ్వు దొంగవా ఏంది?"

"కాదని నువ్వు సూసి చెప్పల్ల."

పెద్దమనిషి గల్లా వెనక నుంచి వచ్చాడు. ముఖం గంభీరంగా పెట్టాడు. నోట్లోకి చూశాడు, చంకలు తడిమాడు, చెప్పులు ఎత్తి దులిపాడు. ఆఖరికి జేబులో చెయ్యి పెట్టి రాయి బయటికి తీశాడు. ఎత్తి లైటుకు చూపించాడు.

"సరుకు దొరికింది!"

నాయన నోరు ఇంకా తెరిచే ఉంది. పెద్దమనిషి రాయిని తిరిగి ఆయన జేబులో వేసి, పైనుంచి తట్టి, తలుపు బార్లా తెరిచాడు.

"యల్లా. పో."

నాయన వెళ్ళాడు. అలా వెళ్ళడం నేను ఎప్పుడూ చూడలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని, బజారు మధ్యలో, పెళ్ళికొడుకులా. అక్క గోడ పట్టుకుని నవ్వుతోంది. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, కొన్ని నవ్వువి.

తిరుగు అబ్రాలో ఆయన జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను ఆటపట్టించాను. "నాయనా, ఇప్పుడు మన దగ్గర బంగారం ఉంది. వచ్చే శుక్రవారం సహవాసంలో ఏం చెప్తావు?"

ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఒంటి మీద లేదు గదమ్మే. రాతిలో ఉండాది. దేవుడు పెట్టిన తావునే ఉండాది."

అక్క మళ్ళీ నవ్వు అందుకుంది. ఆమెను చూసి పడవవాడు, పడవవాణ్ణి చూసి తక్కిన జనం. ఎందుకో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.