నూతి గట్టు మీద రంగం సీసా

దుందుభి నామ సంవత్సరం, మాఘ బహుళ విదియ. ఉదయం, నూతి గట్టు. హాజరు: మామగారు, నేను, నా తోడల్లుడు. తలుపు వెనక అత్తగారు. తోడుకున్న నీళ్లతో నా భార్య, ఆమె చెల్లెలు.

ఆ రోజు నా దినచర్య పుస్తకంలో ఇంతే రాసుకున్నాను. మిగిలినది రాయడానికి అప్పుడు మనసొప్పలేదు.

ఉద్దానంలో, వజ్రపుకొత్తూరుకు దగ్గర ఊళ్లో, మా ఇల్లూ అత్తవారి ఇల్లూ ఒకే గోడకు ఇటూ అటూ ఉండేవి. నుయ్యి ఉమ్మడి. రోజూ కానుగపుల్లతో పళ్లు తోముకున్నాక, నేనూ మామగారూ గట్టు మీద పక్కపక్కన కూర్చుని నువ్వుల నూనె పుక్కిలించేవాళ్లం. చిగుళ్లు వాచి బాధపడుతుంటే ఆయనకు ఆ అలవాటు చేసింది నేనే. నోట్లో నూనె పలచబడి తెల్లగా మారేదాకా ఉమ్మకూడదు. ఆ సంగతి తేల్చేవాణ్ణి కూడా నేనే. అరచెయ్యి బోర్లిస్తే ఇంకా ఆగమని, రెండు వేళ్లు విదిలిస్తే ఉమ్మమని. ఏ తోటలో కాయ దింపాలో, ఏ కూలీని పిలవాలో కూడా బుగ్గల నిండా నూనె ఉండగానే సైగలతో తేల్చుకునేవాళ్లం. కొడుకులు లేని ఆ మనిషి పక్కన ఆ చోటు నాది. దానికి పోటీ వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

తోడల్లుడు రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తా. మావైపు రంగూన్‌ను రంగం అంటారు. అంతకు ముందు రోజే పలాసలో రైలు దిగి, బండి కట్టించుకుని వచ్చాడు. ఆ ఉదయం మేమిద్దరం నూనెతో కూర్చుని ఉండగా, ఒక ఎర్రటి సీసా పట్టుకుని నూతి దగ్గరకు వచ్చాడు. గాజుగ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేశాడు. నీళ్లు గులాబీ రంగు తిరిగాయి. నోట్లో పోసుకుని రెండుసార్లు గలగలలాడించి ఉమ్మేశాడు. గట్టంతా లవంగం వాసన.

మామగారు నా వైపు చూడలేదు. నా సైగ కోసం ఆగలేదు. నూనె అలాగే ఉమ్మేసి, "ఏటి బాబూ అది?" అన్నారు.

"నోటి మందు మావా. రంగంలో దొరలంతా ఇదే. నూనెలాగ అంతసేపు బుగ్గలుబ్బించుకుని కూకోనక్కర్లేదు."

ఆ చివరి మాటకు ఆడవాళ్లు నవ్వారు. మామగారూ నవ్వారు. తరువాత ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఓడ సంగతి, మిల్లు సంగతి అయ్యాక కొబ్బరితోట సంగతి వచ్చింది. రేపు కాయ దింపించడానికి తానూ వస్తానన్నాడు తోడల్లుడు. అలాగే రమ్మన్నారు మామగారు. ఆ పని ఏటా నాది. ఆ మాట చెప్పడానికి నా నోరు ఖాళీగా లేదు. ఉమ్మేసి చెప్పవచ్చు. కానీ నూనె ఇంకా తెల్లబడలేదు. నియమం తప్పి అతని ముందు ఉమ్మడం కంటే ఊరుకోవడమే నయమనిపించింది. కూర్చున్నాను. అరచెయ్యి బోర్లించి చూశాను. చూసేవాళ్లు లేరు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ నా భార్య, "మా సెల్లి మొగుడు మాటాడితే ఆ వాసనకి కిళ్లీకొట్టు ముందు నిల్సున్నట్టుందండి" అంది. మంచి మాటగానే అంది. సాయంత్రం మా పెరట్లో నాలుగు లవంగాలు నమిలి, ఎవరైనా గమనిస్తారేమోనని వీధి అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ గమనించలేదు. గోడ అవతల మామగారి నవ్వు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు ఉదయం నేను గట్టు మీద ఒక్కణ్ణే నూనె పోసుకున్నాను. మామగారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు గానీ, చేతిలో గులాబీ నీళ్ల గ్లాసు ఉంది. తోడల్లుడు కలిపి ఇచ్చాడు. ఆయన నోరు నింపుకుని, నూనె పుక్కిలించినట్టే నెమ్మదిగా మొదలుపెట్టారు. ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి. ముఖం కందింది.

"సాలు మావా, ఉమ్మీ" అన్నాడు తోడల్లుడు. ఆయన ఉమ్మలేదు. "మంటెక్కిపోద్ది, ఉమ్మీ మావా" అని గ్లాసు లాక్కున్నాడు. ఆయన అతని వైపు చూడనే లేదు. నీళ్లు నిండిన కళ్లతో నన్ను చూసి, అరచెయ్యి బోర్లించి, ఇంకా ఆగాలా అన్నట్టు కనుబొమలెగరేశారు.

నేను రెండు వేళ్లు విదిలించాను. ఆయన ఉమ్మేశారు.

"నా మాటినకపోతివేటి మావా?" అన్నాడు తోడల్లుడు, చిన్నబోయి.

మామగారు పై కండువాతో మూతి తుడుచుకుంటూ, "నువ్వు ఉమ్మీమన్నావు గాని, తెల్లబడిందని సెప్పలేదు కద బాబూ" అన్నారు.

తోటకు మామగారి పక్కన నేనే నడిచాను. తోడల్లుడు వెనక వచ్చాడు. కానీ దారి పొడవునా ఆయన నాతో మాట్లాడినప్పుడల్లా వచ్చింది లవంగం వాసనే.