తమ్ముడి పేరున్న డబ్బా

పక్కింటి జడ్జి గారు పోయారని పోయిన మంగళవారం పొద్దున, నేను డ్యూటీకి బయల్దేరుతుంటే, వాళ్ళావిడ ఫెన్సు దగ్గరికొచ్చి చెప్పింది. "నిద్రలోనే వెళ్ళిపోయాడు" అంది. కారు తాళాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. నేను చేసిన ఒక పని తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఇక దాన్ని మొయ్యాల్సింది నేనొక్కదాన్నే.

ఆస్ట్రేలియాలో మేముండే ఈ టూవూంబా చుట్టుపక్కల గోధుమ పండించే రైతు కొడుకు ఆయన. చిన్న ఊళ్ళో లాయరుగా మొదలుపెట్టి, ఫెడరల్ కోర్టులో అప్పీళ్ళు వినే జడ్జి దాకా వెళ్ళారు. వారమంతా బ్రిస్బేన్‌లో, శనాదివారాలు ఇక్కడ. వరండాలో కూర్చుంటే ఒళ్ళో కాగితాల కట్ట, చెవి మీద పెన్సిల్. పెన్ను ముట్టేవారు కాదు. తీర్పు చెప్పేదాకా తన అభిప్రాయం చెరపడానికి వీలుగా ఉండాలట. "గెలిచినవాడు నా తీర్పు చదవడు, ఓడినవాడు చదువుతాడు. ఎందుకు ఓడాడో వాడికి చెప్పడమే నా ఉద్యోగం" అనేవారు.

నేను పిండివంటలు చేస్తే ఫెన్సు మీదుగా అందించేదాన్ని. మాలో డబ్బా ఖాళీగా తిరిగివ్వరని ఒకసారి నోరు జారాను. ఆ తర్వాత ప్రతి డబ్బాలోనూ ఆయన చెట్టు నిమ్మకాయలే.

బ్రిస్బేన్‌లో ఉండే మా తమ్ముడి వీసా రద్దయి, కేసు అప్పీలుకి వచ్చింది. వినబోయే ముగ్గురు జడ్జీల్లో ఈయనొకరు. "లాయరు మంచి జడ్జి అన్నాడక్కా. నువ్వు మాత్రం ఆయన దగ్గర ఏం కదపమాక" అన్నాడు తమ్ముడు.

ఆ ఆదివారం సున్నుండలు పట్టుకెళ్ళాను. తమ్ముడు మొదటి జీతంతో అమ్మకు కొనిచ్చిన స్టీలు డబ్బా అది, మూత మీద వాడి పేరు చెక్కించి ఉంది. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఏమిటని అడిగారు. మా తమ్ముడి పేరు అని ఊరుకుంటే సరిపోయేది. మనం ఊరుకుంటామా? తెలిసిన పెద్దమనిషి, చెవిన వేస్తే పోయేదేముంది అనుకున్నాను. "వాడి కేసు మీ దగ్గరికే వస్తోంది. కాస్త చూడండి" అనేశాను.

ఆయన మొహం పాలిపోయింది. మూత కూడా తీయకుండా డబ్బా నా చేతిలో పెట్టేశారు. "మీరీ మాట అన్నాక ఇక ఆ కేసు నేను వినలేను" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన స్థానంలో వేరే జడ్జి వచ్చారు. రోస్టర్ మారిందేమో అనుకున్నాడు తమ్ముడు. ముగ్గురిలో ఒకరు మా వైపు, ఇద్దరు కాదన్నారు. వాడు ఒంగోలు వెళ్ళిపోయాడు.

రెండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. తప్పు నాది, కోపం ఆయన మీద. డెబ్బై నిండి ఆయన రిటైరయ్యాక ఉండబట్టలేక అడిగేశాను, "మీరుంటే ఏమని రాసేవారు?" అని.

"నేను వినలేదు. విననిదాని గురించి నాకే తెలియదు" అన్నారు. తర్వాత "తమ్ముడికి తెలుసా?" అని అడిగారు. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు ఫెన్సు మీద నిమ్మకాయలు కనిపించాయి. ఆయన నన్ను ఎవరి ముందూ దోషిగా నిలబెట్టలేదు. అందుకు చచ్చేదాకా కృతజ్ఞురాలిని. నన్ను నిద్రపోనివ్వనిదీ అదే.

అంత్యక్రియలకు వెళ్ళొచ్చిన రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "మీ పక్కింటాయన పోయాడంట గదక్కా. ఆయనే మన కేసు వినుంటే బాగుండేది. ఏం చేస్తాం, మన టైం బాలేదు."

వాళ్ళావిడకు రాత్రికి తినడానికి ఏమైనా ఇద్దామని తీసిన ఆ డబ్బా నా ముందే ఉంది. ఓడినవాడికి ఇన్నేళ్ళుగా ఎవరూ ఏమీ చెప్పలేదు.

"టైం కాదురా, నేను" అన్నాను. మొత్తం చెప్పాను.

వాడేమంటాడోనని ఫోన్ చెవికి ఆనించుకుని, మూత మీద వాడి పేరును వేలితో తడుముతూ కూర్చున్నాను.