బాత్రూం నేల విషయమై దేవుని చిత్తం

ఎముకల వార్డులో ఇరవై రెండేళ్లుగా నర్సు పని చేస్తున్న సువార్తకు ఢిల్లీ జనం రెండు రకాలు: బాత్రూంలో జారిపడ్డవాళ్లు, ఇంకా పడనివాళ్లు. అత్తగారు కమలాకుమారి మొన్న మార్చిలో మొదటి రకంలో చేరింది. తుంటిలో రాడ్ వేశారు. వాకర్ పట్టుకుని నడుస్తోంది. మళ్లీ పడితే లేవదని సువార్తకు ఏ డాక్టరూ చెప్పనక్కర్లేదు. అలా లేవనివాళ్ల పక్కబట్టలు మార్చేది ఆమే.

అందుకని 2006 వేసవిలో ఘాజియాబాద్ ఫ్లాట్‌లో బాత్రూం పగలగొట్టించారు. టైల్ ఎంచే భారం భర్త సిలాసు తీసుకున్నాడు. అతను సంఘ పెద్ద. దేనికీ తొందరపడడు, ప్రతిదీ ప్రార్థనలో పెడతాడు. ఫ్రిజ్ రంగు కూడా అలాగే తెలుసుకున్నాడు. టైల్ సంగతి మూడో రోజున తెలిసింది: అద్దంలా మెరిసే తెల్లది. పాస్టరుగారింట్లో వేసిందీ అదే కావడం కేవలం కలిసిరావడం.

శనివారం దుకాణంలో దాని ముందు ఆగాడు.

"ఇదే."

సువార్త పక్కనున్న బూడిదరంగు గరుకు టైల్‌ను వేలితో రుద్దింది. "నేలకి ఇది వేద్దామండీ."

"బస్టాండులో వేసేదా? రేపు ఇంట్లో ప్రార్థన కూడిక పెడితే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

"కూడిక హాల్లో కదా."

"కాళ్లు కడుక్కోరూ? అయినా దేవుడు చూపించాడని చెప్పాను కదా, సువార్తా."

సిలాసుతో వాదించవచ్చు. కానీ అతను వాదనకు ఎప్పుడూ ఒంటరిగా రాడు.

"పొడిగా చూపించాడా, తడిపి చూపించాడా?"

సువార్త ఇంటినుంచే కలిపి తెచ్చుకున్న సబ్బునీళ్ల సీసా తీసింది. రెండు టైళ్లనూ నేలమీద పెట్టించి పోసింది.

"దీదీ, యే షోరూమ్ హై," ఇది షోరూమని గుర్తుచేశాడు దుకాణదారు.

"పతా హై భయ్యా," తెలుసంటూ అతన్ని సిలాసు పక్కన నిలబెట్టింది. "చెప్పులు విప్పి ఎక్కండి," అంది భర్తతో.

విశ్వాసి గనక సిలాసు ధీమాగా తెల్లదాని మీద కాలు పెట్టాడు. మరుక్షణం దుకాణదారు మెడకు వేలాడుతున్నాడు.

"మీకు యాభై ఒకటి. అత్తయ్యకి డెబ్బై ఎనిమిది," అంది సువార్త. "లోపల ఆవిడకి పట్టుకోడానికి భయ్యా ఉండడు."

సిలాసు బూడిదరంగు దాని మీదకు మారాడు. కాలు జారలేదు. మడమతో ఒకసారి రుద్ది చూశాడు.

"ఇందులో వేరే రంగు లేదా?"

లేదన్నాడు దుకాణదారు మెడ సవరించుకుంటూ.

"అమ్మకి మొదట్నించీ ఈ రంగంటే ఇష్టం," అన్నాడు సిలాసు.

సువార్తకు ఆ సంగతి తెలియదు. బహుశా కమలాకుమారికీ తెలియదు. బూడిదరంగు పెట్టెలు టెంపోలోకి ఎక్కించమంది.