ఎరుపు వినపడదు సార్

నేను రిటైరవడానికి ఏడాది ముందు, తుఫాన్ల కాలం మొదట్లో, నన్ను నెల్లూరులో ఒక ప్రభుత్వ వెబ్‌సైటు విభాగానికి సీనియర్ ప్రోగ్రామరుగా వేశారు. సముద్ర హెచ్చరికల పేజీ నా చేతి పనే. 'వేటకు పోవద్దు' అన్న మాటను వేలెడంత ఎర్ర అక్షరాల్లో పెట్టి, నా అంత మొనగాడు లేడని మురిసిపోయాను.

ఒకరోజు చిట్టమూరు వైపు నుంచి యేసుపాదం అనే ఆయన ఆఫీసుకు వచ్చారు. చూపు లేదు. పొద్దున్నే ఫోను చేత మా పేజీ చదివించుకుని, చర్చి మైకులో ఊరికి చెప్పడం ఆయన పని. ఆ మాట విన్నాకే పడవలు కదులుతాయి.

"మొన్న ఎంతకీ మైకు మోగకపోయేసరికి, హెచ్చరిక లేదనుకుని మా తమ్ముడు పడవ దించేసినాడు సార్. ఆనక మైకులో గొంతు పోయేలా అరిచి వెనక్కి పిలిచినా" అన్నారు.

"పైనే ఎర్రగా, పెద్దగా రాశాం కదన్నా!" అన్నాను.

"ఎరుపు నాకు వినపడదు సార్" అని నవ్వి, ఫోను నా బల్ల మీద పెట్టారు.

అది చదవడం మొదలుపెట్టింది. మెనూలో లింకులన్నీ, ఫొటో గ్యాలరీ, పెద్దల శుభాకాంక్షలు. హెచ్చరిక దగ్గరికి వచ్చేసరికి ప్యూను తెచ్చిన టీ చల్లారిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పేజీ చదివే ఆ సాఫ్ట్‌వేరుకు రంగూ సైజూ పట్టవు. అది ట్యాగులను, అంటే పేజీలో ఏది ఏమిటో చెప్పే లోపలి గుర్తులను చూస్తుంది. శీర్షికకు హెచ్1, మెనూకు నావ్, అసలు విషయానికి మెయిన్ అని ట్యాగులు పెడితే, వినేవాళ్లు మిగతాదంతా దాటి నేరుగా అక్కడికి పోవచ్చు. నేను అన్నిటినీ డివ్ అనే పేరులేని డబ్బాల్లో కుక్కాను. ఈ పాఠాన్నే ట్రైనింగుల్లో కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి, చూడండి నా ఘనత!

మూడు రోజులు కూర్చుని ట్యాగులన్నీ మార్చాను. మా డిప్యూటీ డైరెక్టరు గారు పేజీని ఎగాదిగా చూసి, ఏమీ మారలేదు, ఈ మూడు రోజులూ ఏం వెలగబెట్టావయ్యా అన్నారు. తెర మీద అక్షరం కూడా కదలలేదు మరి, ఆయన్ని ఏమనగలం?

మళ్లీ హెచ్చరిక వచ్చిన పొద్దున, పేజీలో పెట్టి టీ నోట్లో పోసుకునేలోపే నా ఫోను మోగింది. అవతల చర్చి మైకు గట్టిగా వినిపిస్తోంది. "అందరికీ చెప్పేసినా సార్. మా తమ్ముడు నా పక్కనే ఉండాడు" అన్నారు యేసుపాదం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ పేజీనైనా తెర ఆపి ఒకసారి విన్నాకే సంతకం పెట్టాను.