నిద్రమాత్ర రాసిన చెయ్యి

పేస్‌మేకర్ పెట్టించుకుని అరకు తిరిగొచ్చిన రెండో రోజే నా పొట్ట గెంతడం మొదలైంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ పక్కటెముకల కింద లోపల్నుంచి ఎవరో వేలితో పొడిచినట్టుండేది. మా ఆయన అరచెయ్యి ఆనించి చూసి బిత్తరపోయాడు.

"ఏటే ఇది, కప్ప గెంతినట్టు గెంతతంది?"

నేను గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచర్ని. ఆయనకి కొండవాలులో కాఫీ, మిరియాల తోట. ఇద్దరం ఈ కొండల్లో పుట్టినవాళ్ళమే. ఆ ఏడాది పాఠం చెబుతూ రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయాను. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, పేస్‌మేకర్ తప్పదని విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. అతనే పెట్టాడు. ఎడమ భుజం దిగువన చర్మం కింద చిన్న మిషను, దాన్నుంచి గుండెలోకి సన్నటి వైరు.

గెంతుడు ఆగకపోయేసరికి బస్సెక్కి వెళ్ళాం. అలవాటవుతుందన్నాడు డాక్టరు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. అప్పటికి ఎక్కిళ్ళు కూడా తోడయ్యాయి. పద్యం చదువుతుంటే మధ్యలో ఎక్కిళ్ళొచ్చి పిల్లలు నవ్వుతున్నారని చెప్పాను. అతను నా వైపు చూడలేదు, నర్సుతో అన్నాడు: "ఏజెన్సీ వాళ్ళు కదా, ప్రతిదానికీ భయపడతారు. నిద్రమాత్ర రాస్తున్నా, ఇచ్చి పంపెయ్."

ఆ మాత్రలు వేసుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మూడో వారంలో స్కూలు వరండాలో పడిపోయాను. విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ తల నెరిసిన ప్రొఫెసరు స్కాను తీయించాడు. వైరు కొన గుండె గోడని పొడుచుకుని బయటికొచ్చింది. గుండె చుట్టూ నెత్తురు చేరింది. ప్రైవేటు ఆసుపత్రిలో డిశ్చార్జి రోజు మాకిచ్చిన కవరులోంచి పాత ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఆపరేషన్ మర్నాడు తీసింది. ఇందులోనే కనబడుతోంది కదమ్మా. ఎవరూ చూడలేదా?"

మళ్ళీ ఆపరేషన్ చేశారు. నెత్తురు తీసి, వైరు సరిగ్గా పెట్టారు. గెంతుడు ఆగిపోయింది. కానీ ఆ మంచం మీద పడుకున్నన్నాళ్ళూ నేను ఒకటే కోరుకున్నాను. ఆ ప్రైవేటు డాక్టరు నాశనం కావాలి. ఇంటికి రాగానే అమ్మవారికి కోడిని మొక్కి, అతని చేతులు పడిపోవాలని అడగమని మా ఆయనతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఆ తల్లి మన పంటకి, పిల్లలకి. సెడు కోరడానికి కాదు. నీ పగ నువ్వే సూసుకో."

చూసుకున్నాను. నెల రోజుల సెలవుంది. ప్రతి మంగళవారం మొదటి బస్సెక్కి ఘాట్ రోడ్డు దిగి, అతని ఆసుపత్రి హాల్లో కూర్చునేదాన్ని. ఎక్స్‌రే ఒళ్ళో పెట్టుకునేదాన్ని. అపాయింట్‌మెంట్ ఉందా అని కౌంటర్లో అమ్మాయి అడిగితే, "నాకక్కర్లేదు, మీ డాక్టరుగారికే నాతో పనుంది" అన్నాను. పక్కనున్నవాళ్ళు ఏమైందని అడిగేవారు. జరిగింది జరిగినట్టు చెప్పేదాన్ని, ఒక్క ముక్క కలపకుండా. ఒకాయన తన తండ్రిని లేపి తీసుకుపోయాడు. ఇంకొకాయన ఫైలు వెనక్కి అడిగాడు. ఆ రోజుల్లో నాకు ఆకలి బాగా వేసేది. తిరుగు బస్సులో హాయిగా నిద్రపోయేదాన్ని.

నాలుగో మంగళవారం పాచిపెంట నుంచి ఒకామె భర్తను తీసుకొచ్చింది. అతనిదీ నా జబ్బే. నా మాట విని ఆమె మొహం పాలిపోయింది. "బాబోయ్, గుండెకి బొక్కెట్టేత్తారా? మాకొద్దు. లెగు, ఇంటికెల్లిపోదాం" అని మొగుణ్ణి రెక్క పట్టి లేపింది.

వాళ్ళు తలుపు దాటేదాకా నాకు సంతోషంగానే ఉంది. అప్పుడు, ఆ మనిషి గోడ పట్టుకుని మెట్లు దిగడం కనిపించింది. మిషను లేకుండా ఇంటికెళితే ఆ మనిషి బతకడు. చంపేది డాక్టరు కాదు, నేను.

పరిగెత్తకూడదన్నారు, పరిగెత్తాను. ఆటో ఎక్కబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మిషను మంచిదేనమ్మా. సూడు, నాకూ ఉంది. పెట్టినోడు మంచోడు కాదు, అంతే. నాతో రా."

జాకెట్టు పక్కకి జరిపి భుజం దగ్గర ఉబ్బు చూపించాను. ఆమె వేలితో తాకి చూసింది. అదే ఆటోలో ముగ్గురం ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళాం. ఆ వారంలోనే అతనికి మిషను పెట్టారు.

ఆ తర్వాతి మంగళవారం హాల్లో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. సరాసరి డాక్టరు గదిలోకి వెళ్ళాను. "మీకేం కావాలి?" అన్నాడు విసుగ్గా. ఎక్స్‌రే బల్ల మీద పెట్టాను.

"చదవండి. పైకి."

అతను దాన్ని గోడకున్న దీపం పెట్టెకి తగిలించాడు. వైరు వెంట వేలు జరుపుకుంటూ కొనదాకా వెళ్ళాడు. తర్వాత, "వైరు కొన గుండె గోడ దాటి ఉంది" అన్నాడు.

"ఎప్పటిది?"

"ఆపరేషన్ మర్నాటిది." కళ్ళజోడు తీశాడు. "పొరపాటు జరిగిందమ్మా. ఎంత అనుభవమున్నా ఒక్కోసారి అవుతుంది."

"పొరపాటు ఎవరి చేతికైనా వస్తుంది. దానికి నేను రాలేదు. నేను వచ్చి చెప్పినప్పుడు వినకుండా నిద్రమాత్ర రాశారే, దానికొచ్చాను. ఆ రోజు మీరేమన్నారో, ఇప్పుడేం చూశారో కాగితం మీద రాసివ్వండి."

రాస్తాడనుకోలేదు. రాశాడు, సంతకం కూడా పెట్టాడు. భయపడ్డాడో సిగ్గుపడ్డాడో నాకు తెలీదు, అడగలేదు. ఆ కాగితమే వైద్య మండలికి పంపిన ఫిర్యాదుకి జోడించాను. రెండుసార్లు విచారణకి పిలిచారు, రెండుసార్లూ వెళ్ళాను. ఏడాది గడిచాక, ఆరు నెలలు వైద్యం చెయ్యకూడదని అతని మీద ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు వచ్చిన రోజు మా ఆయన వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు. గట్టిగా చదివి వినిపించాను. అంతా విని, నా మొహంలోకి చూశాడు.

"సాల్లేదా?"

"చాల్లేదు" అన్నాను.

ఆయన తలూపి మళ్ళీ గింజలు పరవడంలో పడ్డాడు. నేనూ చెప్పులు విడిచి, రెండో టార్పాలిన్ పట్టా పరిచి, ఇంకో బస్తా మూతి విప్పాను.