రెండో సమీకరణంలో గామా

పులివెందులలో బస్సెక్కినప్పటి నుంచీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పాఠం వల్లె వేస్తూనే ఉన్నాను. ఎమ్మెస్సీ అయిపోయిన ఏడాది అది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ ఉద్యోగానికి అక్కడి విద్యార్థులకు డెమో క్లాసు చెప్పాలి. అంతకుముందు జమ్మలమడుగులో ఇట్లాంటి క్లాసులోనే పాఠం మధ్యలోనే ఆపేసి బయటికి వచ్చేశాను. ఈసారీ అట్లాగే అయితే ఇంట్లో మొహం ఎట్లా చూపించాలో తెలియలేదు.

ఇచ్చిన పాఠం సాపేక్షతా సిద్ధాంతం. ఒకరితో పోలిస్తే ఒకరు కదులుతున్న ఇద్దరు పరిశీలకుల్లో, ఒకరు కొలిచిన దూరం, కాలం నుంచి రెండోవారి కొలతలు రాబట్టాలి. వెనక బెంచీలో ప్రిన్సిపాల్, ఫిజిక్సు పెద్ద లెక్చరర్ కూర్చున్నారు. మొదటి సమీకరణం రాశాను, ముందర గామా అనే గుణకంతో. దాని కింద, రెండోవారి కొలతల నుంచి మొదటివారివి రాబట్టే తిరుగు సమీకరణం రాశాను. అందులోనూ గామానే.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "మేడం, పైనా గామానే, కిందా గామానే. రెండూ ఒకటేనని యాడ్నుంచి వచ్చింది?"

నాకు తెలియదు. పుస్తకంలో అట్లా ఉంది, కంఠతా పట్టాను. మొహం కనబడకుండా బోర్డు వైపు తిరిగాను. ఏదో ఒకటి చెయ్యాలని కింది గామాను చెరిపి, అది వేరే గుణకమనుకుని డెల్టా రాశాను. కాంతి వేగం ఇద్దరికీ ఒకటే అన్న సంగతిని రెండు సమీకరణాల్లోనూ పెట్టాను. గామా, డెల్టాల లబ్ధం వచ్చింది. విడివిడిగా ఒక్కోటి ఎంతో తేలలేదు. ఆగిపోయాను.

"ఏమ్మా, అంతేనా?" వెనక నుంచి పెద్ద లెక్చరర్ అడిగాడు.

పుస్తకం మాటలు ఒక్కటీ గుర్తు రాక ఇంటి మాటల్లోకి దిగాను. "వాడు చూస్తే వీడు పోతాండాడు. వీడు చూస్తే వాడు పోతాండాడు. ఎవురు నిలబడినారో చెప్పలేము. గుణకాలు వేరువేరైతే..."

"ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ అయిపోతారు మేడం," అంది ఆ అమ్మాయి. "అట్ల కాకూడదంటే రెండూ ఒకటే కావల్ల."

డెల్టా చెరిపి గామా రాశాక ఆ లబ్ధం గామా వర్గమైంది, వర్గమూలం తీశాను. కాలం సమీకరణం కూడా దాని వెంటే వచ్చింది. అక్షరాలన్నీ వంకర పోయాయి.

తర్వాత ప్రిన్సిపాల్ తన గదికి పిలిచి, "సోమవారం వచ్చి చేరమ్మా," అన్నాడు. పెద్ద లెక్చరర్ నా వైపు చూసి, "శానా భయపడినావు," అన్నాడు.

"అవును సార్."

బస్టాండులో ఇడ్లీ తీసుకున్నాను. ఉద్యోగం వచ్చిన సంతోషం ఇంకా నా దాకా రాలేదు. సోమవారం ఆ అమ్మాయి ఇంకేం అడుగుతుందో అనుకుంటూ, ఇడ్లీ పక్కన పెట్టి పుస్తకం తెరిచాను.