మా ఐరాల ఆవుల పేర్లు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులంటే నాకు ఐరాలలో పాలకేంద్రం వెనక గదే. ముందు గదిలో క్యాన్ల చప్పుడు... వెనక గదిలో పూల గుడ్డ కప్పిన ఒక కంప్యూటరు. దాని ముందు మా చిన్నమ్మ.

చుట్టుపక్కల ఆవుల వివరాలన్నీ ఒక లావుపాటి రిజిస్టరులో ఉండేవి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం చిన్నమ్మ ఉద్యోగం. టెంపరరీనే... కానీ మా ఇంటి ఆడవాళ్లలో ఉద్యోగానికి వెళ్లిన మొదటి మనిషి ఆమె. నేను ఇనుప స్టూలు మీద కూర్చుని నెంబరు, జాతి, వయసు, ఎన్ని ఈతలు, టీకా తేదీ అని చదివేదాన్ని. ఆమె టైపు చేసేది.

నాకు ఆ తెర పెద్ద వింత. పైన వరసగా మాటలు... ఒకదాని మీద నొక్కితే కిందికి ఇంకో పది మాటలు జారేవి. ఒక కిటికీలోంచి ఇంకో కిటికీ తెరుచుకునేది. ఏదన్నా మార్చి మూయబోతే, నట్టనడుమ ఒక చిన్న పెట్టె వచ్చి నిలబడి ప్రశ్న వేసేది.

ఆ పెట్టెలతో చిన్నమ్మ మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. "సేవ్ సేసేదా, వొద్దా అంటా ఉండాది పాపా. ఏమని సెప్దాం?" అని నన్ను అడిగేది. ఒక్కటే షరతు... "అది అడిగింది పూర్తిగా సదవకుండా ఎస్ నొక్కగూడదు."

నాలుగో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ ప్రతి పెట్టెనూ చదివేదాన్ని. మాటల పిచ్చి నాకు అక్కడే పట్టుకుంది.

ఒకరోజు మునెమ్మవ్వ వచ్చింది. ఒక్క ఆవుతో బతుకు నెట్టుకొచ్చే మనిషి. "మా ఆవును కంప్యూటర్లో ఎక్కిచ్చినారంట గదమ్మే. యాడుండాదో సూపీ" అంది.

చిన్నమ్మ వెతికే పెట్టె తెరిచి, నెంబరు కొట్టి, చదివి వినిపించింది. జెర్సీ క్రాసు, ఆరేళ్లు, మూడు ఈతలు...

"ఇది మా గౌరి కాదు పో" అంది అవ్వ.

"నీదే అవ్వా, నెంబరు సరిగ్గా ఉండాది."

"నెంబరు పెట్టి పిలిస్తే అది తిరిగి సూస్తాదా?"

చిన్నమ్మ నవ్వింది... కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. అవ్వ వెళ్లాక, టేబుల్ డిజైన్ మార్చే కిటికీ తెరిచింది. చిత్తూరు నుంచి వచ్చే సారు ముట్టుకోవద్దన్న కిటికీ అది. టీకా తేదీ తర్వాత ఇంకో కాలమ్ కలిపి, ఇంగ్లీషు అక్షరాల్లో 'పేరు' అని కొట్టింది. పెట్టె వచ్చి సేవ్ చేయాలా అని అడిగింది. ఎస్ నేనే నొక్కాను.

ఒక్క గడిలో గౌరి... పైనా కిందా అన్నీ ఖాళీ. ఆ ఖాళీ గళ్లు చూస్తుంటే నాకు మనసు ఊరుకోలేదు.

మర్నాటి నుంచి రఫ్ నోటుబుక్కు పట్టుకుని ఊరంతా తిరిగాను. నొసట తెల్ల మచ్చ ఉన్న ఆవు మా వీధిలో చుక్క. నాలుగిళ్ల అవతల మస్తాన్ తాత ఇంట్లో, అలాంటి మచ్చ ఉన్నదే చాంద్! పచ్చిగడ్డి తప్ప ఇంకేదీ ముట్టనిది దొరసాని.

మునిరత్నం మామ మాత్రం, "మా దానికి పేరా? 'ఏయ్' అంటే వస్తాది. అదే రాసుకో" అన్నాడు.

లోపలి నుంచి అత్త అరిచింది. "అబద్ధం పాపా! దాన్ని బంగారూ అంటాడు. 'ఏయ్' అనేది నన్ను!"

సెలవులు అయిపోవచ్చేసరికి నూట పద్నాలుగు పేర్లు. అన్నీ ఎక్కించేశాక ఇంక నోటుబుక్కు ఎందుకనుకున్నాను. కంప్యూటరు మరిచిపోదు కదా... ఆ కాగితాలు ఒక్కొక్కటే చెనక్కాయల పొట్లాలయ్యాయి.

బడి తెరిచే ముందు సారు వచ్చాడు. మా టేబుల్‌ను ఆయన తెచ్చుకున్నదానితో కలపబోతే కలవలేదు. ఎన్నిసార్లు చేసినా తప్పు అంటూ అదే పెట్టె.

"ఈ కాలమ్ ఎవరు పెట్టమన్నారమ్మా? తీసేయ్. ఇంకోసారి ఇట్లా చేస్తే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతా."

చిన్నమ్మ కాలమ్ మొత్తం సెలెక్టు చేసింది. పేర్లన్నీ ఒక్కసారిగా నల్లగా మారాయి. మెనూ తెరిచి డిలీట్ నొక్కింది. పసుపు ముక్కోణంతో ఒక పెట్టె వచ్చి నిలబడింది.

ఆమె వెంటనే నొక్కలేదు. చదివింది. నేనూ చదివాను... ఒక మాట దగ్గర ఆగిపోయాను.

"పర్మనెంట్లీ అంటే ఏంది చిన్నమ్మా?"

"ఇంక ఎప్పుటికీ తిరిగి రాదని."

నా వైపు చూడకుండానే అడిగింది. "నోటుబుక్కు ఉండాది గదా?"

సారు గడియారం చూసుకుంటున్నాడు. చిన్నమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది.

"ఉండాది" అన్నాను.

ఎస్ నొక్కింది. టేబుల్ మళ్లీ టీకా తేదీ దగ్గరే ఆగిపోయింది... దాని పక్కన ఎన్నడూ ఏమీ లేనట్టు.

ఇప్పుడు తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. కొత్త మాట చెవిన పడితే చాలు, రాసుకోకుండా ఉండలేను. పోయిన నెల ఐరాల వెళ్లినప్పుడు, ఆ రోజు అబద్ధం చెప్పానని చిన్నమ్మ దగ్గర ఒప్పుకున్నాను.

"తెలుసులేవే. ఆ పొట్లాలు కట్టినిది నేనే గదా" అంది.

"మరి ఎందుకడిగినావు?"

"నువ్వు ఉండాది అంటే... నొక్కేదానికి నాకు సెయ్యొస్తాదని."

ఇప్పుడు మా ఊళ్లో ఆవుల చెవులకు పసుపు బిళ్లలు. ఆ నెంబరు ఫోనులో కొడితే జాతి, వయసు, టీకాలు అన్నీ వచ్చేస్తాయి. మునెమ్మవ్వ లేదు... గౌరి కూడా లేదు. నూట పద్నాలుగు పేర్లలో ఎంత తవ్వుకున్నా నాకు గుర్తొచ్చేవి పంతొమ్మిదే.

మీ ఇంట్లో ఆవునో, ఎనుమునో... అదే, గేదెనో... ఏమని పిలిచేవాళ్లు? కింద రాయండి... నేను రాసిపెట్టుకుంటాను. ఈసారి నోటుబుక్కు చింపను.